అమెరికాలో ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్ లైసెన్స్: తెచ్చుకోవడం ఒక ఎత్తు, నిలబెట్టుకోవడం ఒక ఎత్తు

అమెరికాలో సొంతంగా ఎలక్ట్రికల్ పనుల కంపెనీ పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది ఒకటే: లైసెన్స్‌కి ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది? దీనికి ఒక్క మాటలో జవాబు దొరకదు. దేశమంతా చెల్లే లైసెన్స్ అనేదే లేదు. ఫెడరల్ ప్రభుత్వం ఇందులో వేలు పెట్టదు, ఏ రాష్ట్రం నిబంధనలు ఆ రాష్ట్రానివే. కొన్ని రాష్ట్రాలు ఆ పని కూడా నగరాలకే వదిలేశాయి. న్యూయార్క్, పెన్సిల్వేనియా, ఇల్లినాయి, ఇండియానాల్లో ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్లకు రాష్ట్ర స్థాయి లైసెన్స్ లేదు. న్యూయార్క్ నగరంలో మాస్టర్ ఎలక్ట్రీషియన్ (ఈ వృత్తిలో పై మెట్టు) కావాలంటే ఆ నగర బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్ దగ్గరికే వెళ్లాలి. గడిచిన పదేళ్లలో కనీసం ఏడున్నరేళ్ల అనుభవం చూపించాలి.

పెన్సిల్వేనియాలో ఇంకో చిక్కుంది. ఇళ్ల మరమ్మతులు, మెరుగుదల పనులు ఏడాదికి 5,000 డాలర్లు దాటి చేసేవాళ్లు అటార్నీ జనరల్ కార్యాలయంలో నమోదు చేసుకోవాలి. వాళ్లకో నంబరు ఇస్తారు. వ్యాన్ మీద ఆ నంబరు చూసి అదే స్టేట్ లైసెన్స్ అనుకునేవాళ్లు ఎక్కువ. అది నమోదు మాత్రమే. నీకు వైరింగ్ వచ్చా అని అక్కడ ఎవరూ పరీక్ష పెట్టరు.

లైసెన్స్ ఇచ్చే రాష్ట్రాలను తీసుకుంటే, పేర్లు ఎన్ని మారినా లోపల ఉన్న ఏర్పాటు దాదాపు ఒకటే. అది అర్థమైతే సగం గందరగోళం పోతుంది. కాంట్రాక్టర్ లైసెన్స్ రెండింటిని కలిపి కడుతుంది: పని తెలిసిన ఒక మనిషిని, పూచీ పడే ఒక కంపెనీని. మనిషి వైపు అనుభవం, పరీక్ష చూస్తారు. కంపెనీ వైపు బాండ్, ఇన్సూరెన్స్, రిజిస్ట్రేషన్ చూస్తారు. ఆ మనిషిని టెక్సస్‌లో మాస్టర్ ఆఫ్ రికార్డ్ అంటారు, ఫ్లోరిడాలో క్వాలిఫయింగ్ ఏజెంట్, కాలిఫోర్నియాలో క్వాలిఫయింగ్ ఇండివిడ్యువల్. వాడుకలో అంతా క్వాలిఫయర్ అనేస్తారు. లైసెన్స్ రాకముందు కష్టమంతా మనిషి వైపే కనిపిస్తుంది. వచ్చాక పోగొట్టుకునేది మాత్రం ఎక్కువగా కంపెనీ వైపు కాగితాల వల్లే. ఈ రెండో సంగతి ముందుగా చెప్పేవాళ్లు తక్కువ కాబట్టి ఇక్కడ దాని మీదే ఎక్కువసేపు ఉంటాను.

మనిషి వైపు

టెక్సస్‌లో మెట్లు స్పష్టంగా ఉంటాయి. అక్కడ లైసెన్సింగ్ చూసేది టీడీఎల్ఆర్ అనే శాఖ. ముందు అప్రెంటిస్‌గా, అంటే పని నేర్చుకునేవాడిగా నమోదు కావాలి. మాస్టర్ ఎలక్ట్రీషియన్ పర్యవేక్షణలో 8,000 గంటలు పని చేస్తే జర్నీమన్ (పని నేర్చుకోవడం పూర్తయిన ఎలక్ట్రీషియన్) లైసెన్స్‌కి అర్హత వస్తుంది. వారానికి 40 గంటల లెక్కన అది దాదాపు నాలుగేళ్లు. మొత్తం 12,000 గంటలు పూర్తయి, జర్నీమన్ లైసెన్స్ చేతిలో కనీసం రెండేళ్లు ఉంటే, పరీక్ష రాసి మాస్టర్ లైసెన్స్ తెచ్చుకోవచ్చు.

మాస్టర్ లైసెన్స్ వచ్చింది కదా, ఇక కాంట్రాక్టులు పట్టొచ్చు అనుకుంటారు. పట్టకూడదు. మాస్టర్ లైసెన్స్ మనిషి నైపుణ్యానికి సంబంధించింది. జనంతో ఒప్పందం చేసుకుని డబ్బు తీసుకోవాలంటే కాంట్రాక్టర్ లైసెన్స్ వేరే ఉండాలి. ఒక్కడే మనిషి, ఒక్కటే వ్యాన్ అయినా రెండు లైసెన్సులు కావాల్సిందే.

కాలిఫోర్నియాలో లెక్క వేరు. అక్కడి కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డ్ ఎలక్ట్రికల్ పనికి ఇచ్చేదాన్ని సి-10 అంటారు. గత పదేళ్లలో కనీసం నాలుగేళ్లు జర్నీమన్ స్థాయిలో గానీ, అంతకు పైన ఫోర్‌మన్, సూపర్‌వైజర్ స్థాయిలో గానీ చేసి ఉండాలి. హెల్పర్‌గా చేసిన ఏళ్లు ఇందులోకి రావు. ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లు ఇక్కడ తరచూ పొరబడతారు. సంబంధిత డిగ్రీకి గరిష్ఠంగా మూడేళ్ల వరకు మినహాయింపు దొరకొచ్చు గానీ, కనీసం ఒక ఏడాదైనా చేత్తో చేసిన పని చూపించాలి. డిగ్రీ పట్టాతో నేరుగా సి-10 రాదు. ప్రొఫెషనల్ ఇంజినీర్ లైసెన్స్ ఉన్నా అంతే. అది డిజైన్‌కి పనికొస్తుంది, కాంట్రాక్టుకు కాదు.

గంటలు పని చేయడం ఒక కష్టమైతే, చేశామని రుజువు చేయడం ఇంకో కష్టం. కాలిఫోర్నియా అనుభవ ధ్రువీకరణ పత్రం మీద సంతకం పెట్టాల్సింది మన పనిని కళ్లారా చూసిన మనిషి. ఆ మనిషి ఎనిమిదేళ్ల కిందటి యజమాని అయితే? ఆ కంపెనీ మూతపడితే? ఆయనకీ మనకీ పడక బయటికొచ్చి ఉంటే? దరఖాస్తులు వెనక్కి వచ్చేది ఇలాంటి చోట. అప్రెంటిస్‌గా ఉన్న ప్రతి ఒక్కరికీ నేను గట్టిగా చెప్పేది ఇదే: ఒక కంపెనీ వదిలి వెళ్తున్న వారంలోనే అనుభవ పత్రం రాయించి సంతకం పెట్టించుకోండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఎన్ని గంటలు, ఏ రకం పని, ఎవరి పర్యవేక్షణలో అన్నవన్నీ అందులో ఉండాలి. పే స్టబ్‌లు (జీతం చీటీలు), డబ్ల్యూ-2లు (యజమాని ఏటా ఇచ్చే జీతం, పన్ను పత్రాలు) పారేయకండి. నగదు తీసుకుని చేసిన పనికి కాగితం ఉండదు. కాగితం లేని గంట లైసెన్స్ ఆఫీసుకు గంట కాదు.

పరీక్ష సంగతి కొంచెం దగ్గరగా చూద్దాం. దాని వెన్నెముక నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్. 1897లో మొదటిసారి వచ్చిన ఈ పుస్తకం ఇప్పుడు మూడేళ్లకోసారి మారుతుంది. చాలా రాష్ట్రాల్లో కోడ్ పుస్తకం పక్కన పెట్టుకునే రాయనిస్తారు. అది తేలిక అనుకోకండి. గడియారం నడుస్తుంటుంది, ఏ ఆర్టికల్ ఎక్కడుందో చేతికి తెలియాలి. ఇంటికి ఎంత కరెంటు లోడ్ పడుతుందో తేల్చే ఒక మామూలు లెక్క చూడండి. 2,000 చదరపు అడుగుల ఇల్లు. 2023 కోడ్ ప్రకారం జనరల్ లైటింగ్‌కి చదరపు అడుగుకు 3 వోల్ట్-ఆంపియర్లు, అంటే 6,000. వంటింటి ఉపకరణాల కోసం రెండు సర్క్యూట్లు, ఒక్కోదానికి 1,500 చొప్పున 3,000. లాండ్రీకి 1,500. మొత్తం 10,500. ఇందులో మొదటి 3,000 పూర్తిగా తీసుకోవాలి, మిగతా 7,500లో 35 శాతం, అంటే 2,625. కలిపితే 5,625. 240 వోల్టులతో భాగిస్తే సుమారు 23.4 ఆంపియర్లు. ఇంతవరకు బాగానే ఉంది. స్టవ్, డ్రయర్, ఏసీ లాంటివి ఆ తర్వాత వాటి వాటి నియమాల ప్రకారం విడిగా కలపాలి. వాటిని కూడా ఈ 35 శాతం మూటలో కట్టేసినవాళ్లకు వచ్చే జవాబు కూడా ఆప్షన్లలో ఉంటుంది. పరీక్ష పెట్టేవాళ్లకు ఆ పొరపాటు బాగా తెలుసు.

కాలిఫోర్నియాలో ట్రేడ్ పరీక్షతో పాటు చట్టం, వ్యాపారం మీద ఇంకో పరీక్ష ఉంటుంది. ఇరవయ్యేళ్లు వైర్లు లాగినవాళ్లు కూడా దీన్ని తేలిగ్గా తీసుకుని తప్పుతారు. ఒప్పందంలో ఏం ఉండాలి, అడ్వాన్సు ఎంత తీసుకోవచ్చు లాంటివి అందులో అడుగుతారు. ఇళ్ల మెరుగుదల పనికి అక్కడ అడ్వాన్సు 1,000 డాలర్లు గానీ ఒప్పందంలో 10 శాతం గానీ, ఏది తక్కువైతే అంతే తీసుకోవాలి. ఈ నిబంధన లైసెన్స్ వచ్చాక కూడా వెంటాడుతుంది కాబట్టి బట్టీ పట్టకుండా అర్థం చేసుకుని చదవడం మంచిది.

కంపెనీ వైపు

ఇక్కడ అందరూ కలిపేసేవి బాండ్, ఇన్సూరెన్స్. ఇన్సూరెన్స్ మనల్ని కాపాడుతుంది. బాండ్ మననుంచి జనాన్ని కాపాడుతుంది. బాండ్ ఇచ్చే ష్యూరిటీ కంపెనీ మన తరఫున హామీ సంతకం పెట్టిన పెద్దమనిషి లాంటిది. మనం తప్పు చేస్తే ముందు బాధితుడికి తను కట్టి, తర్వాత ఆ డబ్బు మన దగ్గర వసూలు చేస్తుంది. కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్ బాండ్ 2023 జనవరి 1 నుంచి 25,000 డాలర్లు. అంత మొత్తం చేతిలోంచి పెట్టక్కర్లేదు. అందులో చిన్న వాటా ప్రీమియంగా కడితే చాలు. క్రెడిట్ స్కోర్ బాగుంటే ఆ ప్రీమియం తక్కువ, బాగోలేకపోతే ఎక్కువ. వ్యాపారం మొదలుపెట్టే ముందే సొంత అప్పులు సర్దుకోవాలని అనడానికి ఇదొక కారణం.

టెక్సస్ ఇన్సూరెన్స్ మీద పట్టుబడుతుంది. ఒక్కో ప్రమాదానికి 300,000 డాలర్లు, మొత్తం మీద 600,000, పని ముగించుకుని వెళ్లాక బయటపడే నష్టాలకు 300,000. ఈ చివరిది ముఖ్యం. వదులుగా బిగించిన కనెక్షన్ ఆ రోజే కాలదు. ఏడాది తర్వాత గోడలో రాజుకోవచ్చు.

వర్కర్స్ కాంపెన్సేషన్ (పనిలో గాయపడే ఉద్యోగుల కోసం ఇన్సూరెన్స్) దగ్గర రెండు రాష్ట్రాలూ రెండు దారులు. టెక్సస్‌లో ప్రైవేటు యజమాని అది తీసుకోకుండా ఉండొచ్చు, ఆ సంగతి చెప్పాల్సి ఉంటుంది. కాలిఫోర్నియాలో ఒక్క ఉద్యోగి ఉన్నా తప్పనిసరి, ఆ సర్టిఫికెట్ బోర్డు దగ్గర ఫైల్‌లో ఉండాలి. అంతేకాదు, సి-10 కంపెనీలో పని చేసే ఎలక్ట్రీషియన్లకు ఇండస్ట్రియల్ రిలేషన్స్ శాఖ ఇచ్చే సర్టిఫికెట్ విడిగా ఉండాలి. యజమాని లైసెన్స్ వాళ్లకు గొడుగు పట్టదు.

అన్నిటికన్నా ప్రమాదకరమైన పొరపాటు కంపెనీ రూపం మార్చేటప్పుడు జరుగుతుంది. ఒకాయన సొంత పేరు మీద సి-10 తెచ్చుకుని మూడేళ్లు బాగా చేశారనుకుందాం. పన్నుల సలహాదారు కార్పొరేషన్ పెట్టుకోమంటారు. పెట్టుకుంటారు. బ్యాంకు ఖాతా మారుతుంది, లెటర్‌హెడ్ మారుతుంది, ఒప్పందాలు కొత్త కంపెనీ పేరు మీద రాస్తారు. పాత లైసెన్స్ నంబరే కింద వేస్తారు. ఆ నంబరు ఆ వ్యక్తిది, కార్పొరేషన్‌ది కాదు. చట్టం దృష్టిలో ఆ కార్పొరేషన్‌కి లైసెన్సే లేదు. మనిషి అదే, పని అదే, వ్యాన్ అదే, అయినా అన్ని ఒప్పందాలూ లైసెన్స్ లేకుండా చేసినవే. ఎల్ఎల్‌సీ (యజమాని బాధ్యతకు పరిమితి ఉండే కంపెనీ) పెడితే కాలిఫోర్నియాలో ఇంకా బరువు: ఉద్యోగుల రక్షణ కోసం మరో 100,000 డాలర్ల బాండ్, కనీసం 10 లక్షల డాలర్ల లయబిలిటీ ఇన్సూరెన్స్. కాబట్టి కంపెనీ రూపం గురించి ఆలోచన దరఖాస్తుకు ముందే తెగాలి. తర్వాత మార్చాలంటే, కొత్త లైసెన్స్ చేతికొచ్చే దాకా కొత్త పేరు మీద ఒక్క ఒప్పందమూ రాయకూడదు.

లైసెన్స్ లేని రోజుల ఖరీదు

దీనివల్ల ఏమవుతుందో కాలిఫోర్నియా బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్‌లోని 7031 సెక్షన్ చెబుతుంది. ఇంత కఠినమైన నిబంధన తక్కువచోట్ల ఉంటుంది. పని జరిగిన కాలమంతా లైసెన్స్ సక్రమంగా ఉంటేనే డబ్బు కోసం కోర్టుకు వెళ్లే హక్కు. లేకపోతే కస్టమర్ బాకీ ఎగ్గొట్టినా అడగలేరు. అంతకుముందు ఇచ్చిన డబ్బంతా వెనక్కి ఇమ్మని కస్టమరే దావా వేయొచ్చు. పని బాగా చేశారా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. 2005లో ఒక స్టీల్ పనుల కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఇంకా ముందుకెళ్లింది. ఒప్పందం కింద పని మొదలైనప్పుడు లైసెన్స్ లేకపోతే, మధ్యలో లైసెన్స్ వచ్చాక చేసిన పనికి కూడా ఆ ఒప్పందం కింద డబ్బు రాబట్టుకోలేరని తేల్చింది. చట్టంలో చిన్న మినహాయింపు ఉంది గానీ, దాన్ని నమ్ముకుని వ్యాపారం చేయడం తెలివి కాదు.

అసలు లైసెన్సే లేకుండా కాంట్రాక్టు చేస్తే అది నేరం కూడా. లైసెన్స్ లేకుండా చేయగలిగే చిన్న పనుల మినహాయింపును కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి 1,000 డాలర్లలోపు పనులకు పెంచారు. పర్మిట్ అవసరం లేని పని అయి ఉండాలి, సహాయకులను పెట్టుకోకూడదు. కొత్త సర్క్యూట్ లాగడం, ప్యానెల్ మార్చడం లాంటివాటికి పర్మిట్ కావాలి కాబట్టి ఎలక్ట్రికల్ వాళ్లకు ఈ మినహాయింపు పెద్దగా అక్కరకు రాదు.

నిలబెట్టుకోవడం

లైసెన్స్ రద్దయ్యే కేసులు అంటే మోసాలు, అగ్నిప్రమాదాలు గుర్తొస్తాయి. మామూలుగా జరిగేది అంతకన్నా చప్పగా ఉంటుంది. వర్కర్స్ కాంపెన్సేషన్ పాలసీ ప్రీమియం ఒక నెల ఆగుతుంది, ఇన్సూరెన్స్ కంపెనీ రద్దు నోటీసు బోర్డుకు పంపుతుంది, లైసెన్స్ సస్పెన్షన్‌లో పడుతుంది. బోర్డు పంపిన ఉత్తరం పాత అడ్రస్‌కి వెళ్తుంది. కాంట్రాక్టర్ రోజూలాగే పనికి వెళ్తుంటాడు. ఆ రోజుల్లో చేసిన ప్రతి పనికీ పైన చెప్పిన 7031 వర్తిస్తుంది. అడ్రస్ మారితే 90 రోజుల్లో తెలియజేయాలన్న నిబంధన చిన్నదిగా కనిపిస్తుంది. నా దృష్టిలో అంత ఖరీదైన నిబంధన ఇంకోటి లేదు.

కోర్టు తీర్పు ప్రకారం కట్టాల్సిన కాంట్రాక్టు బాకీ కట్టకపోయినా కాలిఫోర్నియాలో లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. సప్లయర్‌తో తగాదా స్మాల్ క్లెయిమ్స్ కోర్టుకు వెళ్లింది కదా, చిన్నదేలే అని వదిలేస్తే అది ఇలా తిరిగొస్తుంది.

క్వాలిఫయర్ వెళ్లిపోవడం ఇంకో పెద్ద దెబ్బ. మాస్టర్ ఎలక్ట్రీషియన్ వేరే కంపెనీకి వెళ్లినా, రిటైరైనా, చనిపోయినా లైసెన్స్‌కి ఒక కాలు పోయినట్టే. కాలిఫోర్నియాలో 90 రోజుల్లో కొత్త క్వాలిఫయర్‌ని చూపాలి. ఆ 90 రోజుల్లో మనిషిని వెతకడం, అనుభవ పత్రాలు, వేలిముద్రలు, అవసరమైతే పరీక్ష, అన్నీ జరగాలి. కంపెనీ పెద్దదైతే లోపలే ఇంకో మనిషిని ముందుగా పరీక్ష రాయించి సిద్ధంగా ఉంచుకోవడం ఖర్చు అనిపించినా పెట్టాల్సిన ఖర్చు.

ఇక్కడే లైసెన్స్ అద్దెకు తీసుకునే బేరాలు పుడతాయి. నెలకింత ఇస్తాం, మీ పేరు వాడుకుంటాం, మీరు సైటుకు రానక్కర్లేదు అంటారు. పెట్టుబడి ఉండి పని రానివాళ్లకు ఇది సులువుగా కనిపిస్తుంది. దయచేసి దీని జోలికి పోవద్దు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం క్వాలిఫయర్ నిజంగా పర్యవేక్షించాలి. జీతానికి పనిచేసే క్వాలిఫయర్ అయితే వారానికి కనీసం 32 గంటలు గానీ, కంపెనీ నడిచే సమయంలో 80 శాతం గానీ అక్కడ ఉండాలి. పేరు మాత్రమే ఇచ్చినవాడికి ఆరు నెలల వరకు జైలు, 3,000 నుంచి 5,000 డాలర్ల జరిమానా పడొచ్చు. టెక్సస్‌లో మాస్టర్ ఒకే కంపెనీకి మాస్టర్ ఆఫ్ రికార్డ్‌గా ఉండాలి. రెండో దాంట్లో సగానికి మించి సొంత వాటా ఉంటేనే మినహాయింపు. ఈ నిబంధనలు ఊరికే పెట్టలేదు. ప్యానెల్ లోపల ఏం జరిగిందో ఇంటివాళ్లకు తెలియదు. తెలిసిన మనిషి ఒకరు చూశారన్న నమ్మకం మీదే వాళ్లు ఆ గోడ పక్కన పిల్లల్ని పడుకోబెడతారు.

రెన్యువల్ తేదీలు రాష్ట్రానికో తీరు. టెక్సస్‌లో ఏటా. కాలిఫోర్నియాలో యాక్టివ్ లైసెన్స్ రెండేళ్లకోసారి. ఫ్లోరిడాలో సరి సంఖ్య ఏడాదుల్లో ఆగస్టు 31. రెన్యువల్ కోసం చేయాల్సిన క్లాసుల విషయంలోనూ పోలిక లేదు. టెక్సస్‌లో మాస్టర్, జర్నీమన్‌లు ఏటా 4 గంటల క్లాసు చేయాలి. కాలిఫోర్నియాలో సి-10 రెన్యువల్‌కి క్లాసులే లేవు. కానీ ఆ కంపెనీలో పనిచేసే సర్టిఫైడ్ ఎలక్ట్రీషియన్ మూడేళ్లకోసారి 32 గంటలు చదవాలి. యజమానికి లేని చదువు పనివాడికి ఉండటం నాకెప్పుడూ సబబుగా అనిపించలేదు. కోడ్ మూడేళ్లకోసారి మారుతుంటే యజమాని కూడా చదవాల్సిందే, చట్టం అడిగినా అడగకపోయినా. కోడ్ అచ్చయినంత మాత్రాన అమల్లోకి రాదని కూడా గుర్తుంచుకోవాలి. ప్రతి రాష్ట్రం దాన్ని తనకు వీలైనప్పుడు ఆమోదిస్తుంది. టెక్సస్ 2023 కోడ్‌ని ఆ ఏడాది సెప్టెంబర్ 1 నుంచే అమలు చేసింది. కాలిఫోర్నియా అదే 2023 కోడ్ ఆధారంగా తయారుచేసుకున్న సొంత కోడ్‌ని 2026 జనవరి 1 నుంచి అమల్లో పెట్టింది.

రాష్ట్రం మారేవాళ్లకు రెసిప్రాసిటీ (ఒక రాష్ట్రం లైసెన్స్‌ని ఇంకో రాష్ట్రం గుర్తించడం) అనే మాట వినగానే ధైర్యం వస్తుంది. రాష్ట్రాల మధ్య ఒప్పందం ఉంటే సాధారణంగా తప్పేది మనిషి రాయాల్సిన ట్రేడ్ పరీక్ష మాత్రమే. కాలిఫోర్నియాలో అప్పుడు కూడా చట్టం పరీక్ష రాయాలి. బాండ్, ఇన్సూరెన్స్, కంపెనీ రిజిస్ట్రేషన్ ఎక్కడికి వెళ్లినా మొదటి నుంచీ చేసుకోవాల్సిందే. ఫ్లోరిడాలో ఒకే రాష్ట్రం లోపల కూడా తేడా ఉంది: సర్టిఫైడ్ కాంట్రాక్టర్ రాష్ట్రమంతా పని చేయొచ్చు, రిజిస్టర్డ్ కాంట్రాక్టర్ తను నమోదైన ప్రాంతంలోనే.

కాలిఫోర్నియా బోర్డు, టెక్సస్ టీడీఎల్ఆర్ వెబ్‌సైట్లలో ఎవరి లైసెన్స్ నంబరైనా ఉచితంగా చూడొచ్చు. కస్టమర్లు ఒప్పందానికి ముందు చూడాలని అందరూ చెబుతారు. కాంట్రాక్టర్లు తమ నంబరు తామే కొట్టి చూసుకోవడం అంతకన్నా అవసరం. నెలకోసారి చాలు. స్టేటస్ యాక్టివ్ అని ఉందా, కంపెనీ పేరు ఒప్పందాల మీద రాస్తున్నట్టే ఉందా, బాండ్ తేదీ, వర్కర్స్ కాంపెన్సేషన్ తేదీ ఎప్పటిదాకా ఉన్నాయో చూసుకోండి. ఏజెంట్ ‘సర్టిఫికెట్ పంపించేశాం’ అన్నా, బోర్డు రికార్డులో అది కనిపించేదాకా పంపినట్టు లెక్క వేయకండి. కనిపించకపోతే ఆ రోజే ఫోన్ చేయండి, ఆ పేజీని తేదీతో సహా ప్రింట్ తీసి ఫైల్‌లో పెట్టండి.